చేదుకు లేని మహిమ

బెంగళూరు లాల్‌బాగ్ పడమటి గేటు బయట పొద్దున ఆరున్నరకల్లా జ్యూసు బండి సిద్ధంగా ఉంటుంది. ఉసిరి, బూడిదగుమ్మడి, గోధుమగడ్డి, కాకర. నాలుగు స్టీలు క్యాన్లు వరుసగా పెట్టి ఉంటాయి. నడక ముగించుకుని వచ్చేవాళ్లలో చాలామంది నాలుగో క్యాను దగ్గరే ఆగుతారు. గ్లాసు అందుకుని, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని గటగటా తాగేస్తారు. తాగాక ఒళ్లు ఒక్కసారి జలదరిస్తుంది. మూతి తుడుచుకుంటారు. ఆ రోజుకు ఒక మంచిపని చేశామన్న తృప్తితో ఇంటికి వెళ్తారు.

ఒకరోజు నా ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మాట తీరు అనంతపురం వైపుది. పక్కన ఆయన భార్య గ్లాసు సగంలో ఆపేసింది. “తాగేయ్ తాగేయ్. ఇది లోపలికి పోతే ఆకలి చచ్చిపోతాది. ఎలకల మింద చేసి చూసినారంట. బరువు దిగిపోయినాయంట,” అంటున్నాడు. “నాకు కడుపులో తిప్పుతాంది,” అందామె. ఆయన వినలేదు. ఆమె మిగతా సగం కూడా తాగింది.

‘ఎలకల మింద చేసి చూసినారంట’ అన్న ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఈ ఊళ్లోనే ఒక పరిశోధనశాల యానిమల్ హౌస్‌లో కొన్నేళ్లు పనిచేశాను. రోజూ పొద్దున్నే ఎలుకల్ని, చుండెలుకల్ని ఒక్కొక్కటిగా తోక మొదట్లో పట్టుకుని తక్కెడలో పెట్టి తూచడం, మిగిలిన మేతను తూచడం, నీళ్ల సీసాను తూచడం నా పని. ఎలుక బరువు తగ్గడమంటే ఏమిటో, ఏయే కారణాలకు తగ్గుతుందో చేతులారా చూసినవాళ్లలో నేనొకణ్ణి. అందుకే ఈ నమ్మకాన్ని ఊరికే వదిలేయలేకపోతున్నాను.

నమ్మకం ఇది. చేదు పదార్థాలు ఆకలిని అణచి బరువు తగ్గిస్తాయి, ప్రయోగశాలలో జంతువుల మీద అది రుజువైంది, కనుక చేదు ఎంత తాగితే మనిషికి అంత మేలు. ఇందులో మొదటి ముక్కలో సగం నిజముంది. మేతలోనో నీళ్లలోనో క్వినైన్ లాంటి చేదు కలిపితే ఎలుకలు తక్కువ తింటాయి, బరువు తగ్గుతాయి. ఎందుకు తగ్గాయన్నది దాచిపెట్టి తగ్గాయన్నది మాత్రం చాటడం అబద్ధంతో సమానం.

అసలు పంజరంలో ఏం జరుగుతుందో చెబుతాను. ఎలుక నోట్లోకి చేదు ద్రావణం కొన్ని చుక్కలు వదిలితే అది చేసే పనులు ఎవరు చూసినా మరిచిపోలేరు. నోరు పెద్దగా తెరుస్తుంది. గడ్డాన్ని పంజరం అడుగుకేసి రాస్తుంది. ముందుకాళ్లు విదిలిస్తుంది, తల అటూ ఇటూ ఆడిస్తుంది. నోట్లో ఉన్నదాన్ని ఎలాగైనా బయటికి పంపాలన్నదే దాని తాపత్రయం. 1978లో గ్రిల్, నార్‌గ్రెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ చేష్టలన్నిటినీ వరసపెట్టి నమోదు చేశారు. మెదడు పైభాగం తీసేసి మెదడుకాండం మాత్రమే మిగిల్చిన ఎలుకలు కూడా చేదుకు ఇలాగే నోరు తెరిచాయని చూపించారు. అంత లోతున, అంత పాతగా, బతుకుకు అంత దగ్గరగా ఉన్న తిరస్కారం అది. ప్రకృతిలో చాలా విషాలు చేదుగా ఉంటాయి. ఉమ్మెయ్యమని నాలుక చెప్పే మాటే చేదు.

అలాంటిదాన్ని జంతువు ముందు పెట్టి, వేరే దారి లేకుండా చేస్తే ఏమవుతుంది? నీళ్లలో కలిపితే నీళ్లు తాగడం తగ్గిస్తుంది. నీళ్లు చాలని ఎలుక ఎండు మేత సరిగా తినదు. పాతిక గ్రాముల చుండెలుక రెండు గ్రాములు తగ్గిందంటే ఒంట్లో ఎనిమిది శాతం పోయినట్టు. అందులో నీరెంత, కొవ్వెంత, కండరమెంత అన్నది తక్కెడ చెప్పదు. ఇక మేతలో కలిపితే, మేతను గీరి, తొలిచి, కింద పారబోస్తుంది. కింద పరిచిన మొక్కజొన్న కండెల పొట్టులో ఆ పొడి కలిసిపోతుంది. జల్లెడ పట్టి దాన్ని వేరుచేసి తూచకపోతే ‘ఇంత తిన్నది’ అన్న లెక్కే తప్పుతుంది. ఒళ్లు నొప్పులు పుట్టేలా గంటల కొద్దీ ఆ జల్లెడ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. చేదు మేత పెట్టిన పంజరంలో పొట్టు కింద దొరికే మేత మామూలు పంజరంలో ఎప్పుడూ దొరకదు.

అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ఇంకో గుంపును పెడతారు. చేదు తిన్న ఎలుక నిన్న ఎన్ని గ్రాములు తిన్నదో ఈ రెండో గుంపు ఎలుకకు ఇవాళ సరిగ్గా అన్ని గ్రాముల మామూలు మేతే ఇస్తారు. దీన్ని జంట మేత అంటారు. రెండు గుంపులూ సమానంగా తగ్గితే చేదు పదార్థానికి ప్రత్యేకమైన గుణమేమీ లేనట్టే. పస్తు ఉంచినా అంతే తగ్గేవి. ‘ఎలుకల్లో రుజువైంది’ అని ఎవరైనా చెప్పినప్పుడు జంట మేత గుంపు ఉందా అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు లేని ప్రయోగం మనకు చెప్పేది ఒక్కటే, రుచి లేని తిండి పెడితే జంతువు తినదని. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, హాస్టల్ మెస్ చాలు.

అవతలివాళ్లకు ఇంతకంటే గట్టి వాదన ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2000 సంవత్సరంలో జూకర్, రిబా బృందాలు చేదును పట్టే గ్రాహకాల కుటుంబాన్ని కనిపెట్టాయి. మనిషిలో ఇవి సుమారు పాతిక రకాలు, చుండెలుకలో ముప్పై అయిదు దాకా ఉంటాయి. రెండేళ్లకే, 2002లో, ఇవే గ్రాహకాలు పొట్టలోనూ పేగుల్లోనూ ఉన్నాయని అమెరికాలో రోజెన్‌గర్ట్ బృందం చూపించింది. అక్కణ్ణించి కథ వేరే దారి పట్టింది. నాలుకను తప్పించి గొట్టంతో నేరుగా పొట్టలోకి చేదు పంపిస్తే? రుచి బాధ లేకుండానే ఆకలి హార్మోన్లు మారతాయి కదా? అలా అయితే మాత్రల్లో పెట్టి మింగించవచ్చు కదా?

బెల్జియంలోని లూవెన్‌లో సరిగ్గా ఇదే చేశారు. 2011లో అచ్చయిన ఆ ప్రయోగాన్ని చేదు పక్షం వాళ్లంతా చూపిస్తారు గాని పూర్తిగా చదివినవాళ్లు తక్కువ. చుండెలుకల పొట్టలోకి చేదు మిశ్రమం పంపితే గ్రెలిన్ పెరిగింది. గ్రెలిన్ అంటే ఆకలి పుట్టించే హార్మోను. మొదటి అరగంట ఆ చుండెలుకలు మామూలుకంటే ఎక్కువ తిన్నాయి! ఆ తర్వాత నాలుగు గంటలు తక్కువ తిన్నాయి. ఎందుకంటే పొట్టలోంచి తిండి కిందికి దిగడం నెమ్మదించింది. ‘చేదు ఆకలిని చంపుతుంది’ అన్న మాటకు దీన్ని సాక్ష్యంగా తెస్తే, సాక్షి ముందు ఎదురు పక్షానికే సాక్ష్యం చెప్పాడు.

మరి ఆ నాలుగు గంటల నెమ్మది ఎలాంటిది? కడుపు నిండిన హాయా, కడుపులో తిప్పుడా? ఈ ప్రశ్నకు జవాబు అంతకు మూడేళ్ల ముందే, 2008లో, గ్లెండినింగ్, స్క్లఫానీ బృందం ఇచ్చింది. డెనటోనియం అని ఒక రసాయనం ఉంది. మనిషికి తెలిసిన అతి చేదు పదార్థాల్లో ఒకటి. పారిశ్రామిక స్పిరిట్‌ను ఎవరూ తాగకుండా అందులో కలిపేది దాన్నే. ఒక రుచి గల నీళ్లు తాగుతున్నప్పుడల్లా ఎలుకల పొట్టలోకి గొట్టంతో డెనటోనియం పంపించారు. నాలుకకు చేదు తగలనే లేదు. అయినా కొద్ది సార్లకే ఎలుకలు ఆ రుచి నీళ్లను వద్దనడం మొదలుపెట్టాయి. ఒకసారి తిని వాంతి చేసుకున్న కూరను మనం ఏళ్ల తరబడి ముట్టకుండా ఉండటం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. హాయిగా కడుపు నిండినదాన్ని ఏ జంతువూ అలా అసహ్యించుకోదు. పైగా ఎలుక వాంతి చేసుకోలేదు, దాని శరీర నిర్మాణంలో అది లేదు. కడుపులో తిప్పితే అది చేయగలిగింది రెండే. తినడం మానేస్తుంది, దొరికితే మట్టి తింటుంది. తక్కెడ మీద తగ్గిన అంకె వెనక ఈ తిప్పుడు ఉందేమో చూడకుండా దాన్ని ఆరోగ్యమని పేరు పెట్టి అమ్ముతున్నారు.

‘నాకు కడుపులో తిప్పుతాంది’ అన్న ఆ అనంతపురం అమ్మ మాట నాకు ఇందుకే గుర్తుండిపోయింది. ఎలుక చెప్పలేనిది ఆమె చెప్పింది.

లూవెన్ వాళ్లదే 2015 నాటి పని ఇంకొకటి ఉంది. వారాల తరబడి డెనటోనియం, క్వినైన్ గొట్టంతో ఇస్తే చుండెలుకలు బరువు పెరగడం తగ్గింది. ఇది వాళ్లకు అనుకూలమే, ఒప్పుకుంటాను. కాని అదే వ్యాసంలో, చేదు కబురును లోపలికి చేరవేసే గస్ట్‌డ్యూసిన్ అనే అణువు పుట్టుకతోనే లేని చుండెలుకలు కూడా కొవ్వు మేత మీద తక్కువ లావయ్యాయి. చేదు అందినా బరువు తగ్గుదలే, చేదు అందుకునే మార్గం తెగినా బరువు తగ్గుదలే అయితే, ‘చేదు గ్రాహకం మీట నొక్కితే కొవ్వు కరుగుతుంది’ అన్న తేలిక కథ అక్కడే కూలిపోతుంది. అసలు సంగతి ఇంకా చిక్కుగా ఉంది. చిక్కుగా ఉన్నదాన్ని చిక్కుగా ఉందని చెప్పడమే మర్యాద.

ఇంతకీ ఆకలికీ చేదుకూ మధ్య ఎవరి మాట చెల్లుతుంది? జంతువులు దీనికి స్పష్టంగా జవాబు చెప్పాయి. జపాన్‌లోని ఒకాజాకీలో 2019లో చేసిన పనిలో, ఆకలిగొన్న చుండెలుకల మెదడులో ఆకలి నాడీకణాలు మేల్కొన్నప్పుడు తీపి మీద ఇష్టం పెరిగి, చేదు మీద ఏవగింపు తగ్గింది. ఈగల్లోనూ అంతే. పస్తున్న పళ్ల ఈగ కడుపు నిండిన ఈగ ముట్టని చేదును ముడుతుంది. అంటే చేదు ఆకలిని చంపడం లేదు. ఆకలే చేదును చంపుతోంది. కరువు కాలంలో మన తాతలు చేదు గడ్డలు తవ్వుకుని, నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్లు పారబోసి తిన్నారంటే దాని వెనక ఉన్నదీ ఇదే. తూకం ఎప్పుడూ ఆకలి వైపే మొగ్గుతుంది.

పళ్ల ఈగ మాట వచ్చింది కాబట్టి ఈ ఊరికి న్యాయం చేయాలి. బళ్లారి రోడ్డులో, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న జాతీయ జీవశాస్త్ర కేంద్రాన్ని నిలబెట్టిన ఒబైద్ సిద్దిఖీ, ఆయన శిష్యురాలు వెరోనికా రోడ్రిగ్స్ ఈగల రుచి, వాసనల జన్యువుల మీద 1970ల్లోనే ముంబైలో పని మొదలుపెట్టినవాళ్లు. రుచి తెలియని ఈగల్ని, వాసన పట్టని ఈగల్ని వెతికి, ఒక్కొక్క లోపం వెనక ఏ జన్యువు ఉందో వెలికితీశారు. రోడ్రిగ్స్ 2010లో, సిద్దిఖీ 2013లో ఈ నగరంలోనే కన్నుమూశారు. రుచి అంటే ఒక్క ముద్ద కాదనీ, దేనికి దానికి వేరే తాళం, వేరే చెవి ఉంటాయనీ నేర్పిన బడి మన ఊళ్లోనే ఉంది. అదే ఊళ్లో పార్కుల ముందు చేదంతా ఒకటే మందని నమ్మి గ్లాసులు ఎత్తుతున్నాం. నాకు బాధ కలిగేది ఇక్కడే.

‘చేదు’ అన్న ఒక్క మాట మనల్ని మోసం చేస్తోంది. కాకరలో మోమోర్డిసిన్లు, సొరలోనూ దోసలోనూ కుకుర్బిటాసిన్లు, మెంతుల్లో సపోనిన్లు, మానుపసుపులో బెర్బెరిన్, సింకోనా బెరడులో క్వినైన్, మన ఫిల్టర్ కాఫీలో కెఫీన్. నాలుక వీటన్నిటికీ ఒకటే కబురు పంపుతుంది. ఒంట్లోకి వెళ్లాక ఒక్కొక్కటీ ఒక్కో పని చేస్తుంది. క్వినైన్ క్లోమాన్ని రెచ్చగొట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అది దాని చేదు వల్ల కాదు, ఆ అణువు చేసే మందు పని వల్ల. క్వినైన్‌తో చేసిన ఎలుకల ఫలితాన్ని తెచ్చి కాకర రసానికి అంటగట్టడం, పెట్రోలూ నీళ్లూ రెండూ ద్రవాలే కదా అని బండిలో నీళ్లు పోయడం లాంటిది.

మెంతుల సంగతి మనకు మరీ దగ్గరది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్. డి. శర్మ 1980ల్లో మనుషుల మీద చేసిన పరిశోధన ప్రపంచమంతా చదివింది. 1986లో ఆయన మెంతుల్ని భాగాలుగా విడదీసి ఇచ్చి చూశారు. పూర్తి గింజలు తిన్నప్పుడు భోజనం తర్వాత చక్కెర పెరుగుదల బాగా తగ్గింది. మెంతుల్లోంచి తీసిన జిగురు ఒక్కటే ఇచ్చినా దాదాపు అంత పనీ చేసింది. జిగురు తీసేసిన గింజలు, ఉడికించిన మెంతికూర మాత్రం పెద్దగా ఏమీ చేయలేదు. పని చేసింది నీళ్లలో ఉబ్బి జారుడుగా అయ్యే ఆ పీచు. అది పేగులో చక్కెర పీల్చుకోవడాన్ని నెమ్మది చేస్తుంది. నలభై ఏళ్ల కిందట మన హైదరాబాదులోనే తేలిన విషయమిది. ఇప్పటికీ మెంతుల నీళ్లు ఎంత చేదుగా ఉంటే అంత గుణమని చెప్పుకుంటున్నాం. నానబెట్టిన నీళ్లు తాగి గింజలు పారేసేవాళ్లనూ నేను ఎరుగుదును. ఏది పారేయకూడదో అదే పారేస్తున్నారు.

ఇక కాకర. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ప్లాటెల్, శ్రీనివాసన్ 1995లో మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో అర శాతం ఎండు కాకర కలిపి ఆరు వారాలు పెట్టారు. చక్కెర మీద మేలేమీ కనిపించలేదు. అదే సంస్థలో పదేళ్ల తర్వాత, 2005లో, ఇంకో బృందం మేతలో పదో వంతు కాకర పొడి పెట్టి మేలు చూపించింది. రెండూ నిజమే కావచ్చు. తేడా మోతాదుది. రోజుకు అరకిలో ఎండు సరుకు తినే మనిషికి పదో వంతంటే యాభై గ్రాముల ఎండు కాకర. కాకరలో తొంభై శాతం పైగా నీరే కాబట్టి ముప్పావు కిలో పచ్చికాయ, రోజూ. చేదు మాత్రం రెండు ప్రయోగాల్లోనూ ఉంది. ఫలితాన్ని నిర్ణయించింది చేదైతే రెండు చోట్లా ఏదో ఒకటి కనిపించాలి కదా.

హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో 2003లో కొవ్వు మేత తిన్న ఎలుకలకు కాకర పొడి ఇస్తే కొవ్వు తక్కువ పట్టిందన్న ఫలితం ఉంది. బండి దగ్గర చెప్పుకునే ‘ఎలకలు’ బహుశా ఇవే. కాని ఆ ఎలుకలు తిండి మానేయలేదు. తిన్న శక్తిలో తక్కువ భాగం ఒంటికి పట్టిందని ఆ పరిశోధకులు చెప్పారు. అంటే అక్కడ జరిగినదేదైనా సరే, ఆకలి చచ్చి జరిగింది కాదు. వాళ్లు ఏ ప్రయోగాన్ని సాక్ష్యంగా తెస్తున్నారో అదే వాళ్ల మాటకు అడ్డుపడుతోంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి థాయిలాండ్‌లో 2011లో వచ్చిన ఫలితం ప్రకారం రోజుకు రెండు గ్రాముల ఎండు కాకర చక్కెర తగ్గించడంలో కొంత పని చేసింది గాని, ఒక గ్రాము మెట్‌ఫార్మిన్‌కంటే తక్కువే. దొరికిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2012 నాటి కాక్రేన్ సమీక్ష, మధుమేహానికి కాకరను సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని తేల్చింది.

ఈ మధ్య ఇంకో మాట వినిపిస్తోంది. 2025 మార్చిలో బరువు తగ్గించే మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి అనగానే, ఖరీదైన ఆ ఇంజెక్షన్లు ఎందుకు, చేదు తింటే పేగులో అదే హార్మోను పుడుతుందని ప్రచారం మొదలైంది. పేగు కణాలు చేదుకు ఆ హార్మోను, అంటే జీఎల్‌పీ-1 వదిలే మాట కణాల మీద చేసిన ప్రయోగాల్లో నిజమే. కాని ఒంట్లో పుట్టిన జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది. వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్ సగం తగ్గడానికి వారం పడుతుంది. ఏళ్ల తరబడి అణువును చెక్కి చెక్కి, విరగకుండా నిలిపినందువల్లే అది మందైంది. రెండు నిమిషాల మెరుపునూ వారం రోజుల దీపాన్నీ ఒకటే అని చెప్పి గ్లాసు అమ్మడం అన్యాయం. లావు బాధతో, మోకాళ్ల నొప్పులతో, చక్కెర భయంతో ఉన్నవాళ్ల ఆశను వాడుకోవడం ఇది.

పెద్దలు చెప్పారు కదా అంటారు. పెద్దలు ఏం చెప్పారో కూడా చూద్దాం. చరకుడు తిక్త రసాన్ని గురించి చెబుతూ, దానికది రుచించకపోయినా అరుచిని పోగొడుతుందంటాడు. మేదస్సును ఎండగడుతుందని కూడా అంటాడు, ఆ మాట దాచను. కాని మన ఇళ్లలో వాడుక ఏది? జ్వరం తగ్గి నోరు చప్పబడ్డవాడికి నేలవేము కషాయం పోసింది ఆకలి పుట్టాలనే. బెంగాలీలు భోజనం మొదట్లో చేదు కూర తినేది ఆకలి రేగాలనే. ఉగాదికి మనవాళ్లు వేపపువ్వు పచ్చడిలో, ఇక్కడి కన్నడిగులు బేవు-బెల్లలో చేదును చిటికెడే వేస్తారు, అదీ బెల్లం తోడుగా. మన వంటింటి కాకరకాయను చూడండి. ఉప్పు రాసి గంటసేపు పక్కన పెట్టి, పిండి, ఆ పసరు పారబోసి, చింతపండు పులుసులో ఉడకబెట్టి, బెల్లం వేసి దించుతాం. ఆ పసరునే ఇప్పుడు గ్లాసులో పోసుకుని తాగుతున్నాం. పెద్దలు పారబోసినదాన్ని పెద్దల పేరు చెప్పి తాగడం సంప్రదాయం కాదు.

ఇదంతా పనికిరాకపోతే మానె, హాని లేదు కదా అనేవాళ్లకు నా జవాబు కాస్త గట్టిగానే ఉంటుంది. హాని ఉంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ రసం తాగి మరణించాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. చేదెక్కిన సొరలోని కుకుర్బిటాసిన్లు రక్తపు వాంతులు, విరేచనాలు తెప్పించి, రక్తపోటును ప్రాణాంతకంగా పడేయగలవు. ఆ సంఘం చెప్పింది సూటిగా ఉంది. రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదుగా ఉంటే పారేయండి, వేరే రసాలతో కలపకండి, తాగాక వికారమో వాంతులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇప్పుడు ఆలోచించండి. చేదు ఎంత ఉంటే అంత మంచిదని నమ్మినవాడు ఆ ముక్కను నాలుక మీద పెట్టుకుని ఏం చేస్తాడు? సంతోషిస్తాడు. కాకర రసంలో సొర రసం కలిపి తాగేవాడికి ఏ చేదు దేనిదో ఎలా తెలుస్తుంది? ప్రాణం కాపాడటానికి నాలుక ఇచ్చే ఒక్క హెచ్చరికనూ ఈ నమ్మకం మూగ చేస్తోంది.

తిప్పతీగ, ఇక్కడ అమృతబళ్లి అంటారు, కోవిడ్ కాలంలో ఇంటింటా మరిగింది. దాన్ని వాడినవాళ్లలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న సంగతిని ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. మరుసటి ఏడు దేశంలోని అనేక ఆసుపత్రులు కలిసి 43 మంది కేసులు బయటపెట్టాయి. ఇక చక్కెర మాత్రలు మింగుతూ కాకర రసం తాగేవాళ్ల సంగతి. క్లోర్‌ప్రొపమైడ్ మాత్ర మీద ఉన్న ఒక మహిళ కాకర కూర తిన్నప్పుడు మందు ప్రభావం పెరిగిన ఉదంతం 1979లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. మా బంధువుల్లో ఒకావిడకు పొద్దున మాత్ర, మాత్ర మీద కాకర రసం, టిఫిన్ మానేయడం అలవాటు. ఒకరోజు బస్‌స్టాపులో చెమటలు పట్టి కూలబడిపోయింది. ఎవరో పుణ్యాత్ములు చక్కెర నోట్లో వేశారు. రసం వల్లనా, పస్తు వల్లనా అని నేను తేల్చలేను. ఆ మూడూ కలిపి చేయమని ఆమెకు నేర్పింది మాత్రం ఈ నమ్మకమే.

కాకరకాయ తినొద్దని నేననను. వంద గ్రాముల కాకరలో సుమారు ఇరవై క్యాలరీలే ఉంటాయి, విటమిన్ సి ఉంది, పీచు ఉంది. కూరగా తినండి. పులుసు రుచిగా కుదిరితే అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తింటారన్నది కూడా గుర్తుపెట్టుకోండి. నూనెలో ఎర్రగా వేయించిన చక్రాలు బరువు తగ్గిస్తాయని మాత్రం ఆశపడకండి, ఒక టేబుల్ స్పూను నూనెలోనే నూట ఇరవై క్యాలరీలున్నాయి. ప్రయోగశాలలో చేదు మీద పరిశోధన ఆపమని కూడా అనను. లూవెన్ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది స్త్రీలకు గొట్టంతో పొట్టలోకి క్వినైన్ పంపి, ఆకలీ, ఆకలి హార్మోన్లూ కొంతసేపు తగ్గడం చూశారు. అక్కడ ఏదో ఉంది, వెతకాలి. ఏళ్లు పడుతుంది. అది తేలేలోగా ఆ పేరు చెప్పి బండి దగ్గర గ్లాసు పట్టించడం ఆ పరిశోధనకే అవమానం. పంజరంలో గడ్డం రాసుకున్న ఆ ఎలుకలకూ అవమానమే. వాటి బాధ నుంచి మనం నేర్చుకున్నదాన్ని తలకిందులు చేసి చెబుతున్నాం.

మా అమ్మ దోసకాయ పప్పు వండే ముందు, తొడిమ దగ్గర ఒక ముక్క కోసి నాలుక కొసకు తగిలించి చూడనిదే కత్తిపీట ముందుకు కదలనివ్వదు. వాళ్లమ్మా అంతే. చేదు తగిలితే కాయ మొత్తం బయటికే, ధర ఎంతైనా సరే. బెంగళూరు వచ్చి పదేళ్లయినా ఆ అలవాటు పోలేదు. పోయిన ఆదివారం సొరకాయ కోస్తూ ఒక ముక్క తను చూసి, ఒక ముక్క నా చేతిలో పెట్టింది. నీళ్లలా చప్పగా ఉంది. “బాగుంది, కొయ్యొచ్చు,” అంది.